పశువుకు నొప్పి మందు, రాబందుకు ప్రాణగండం: మూడు దశాబ్దాల అనుభవం ఏం చెబుతోంది?

జ్వరంతో మేత మానేసిన ఆవుకు ఉపశమనం కోసం వేసిన ఒక ఇంజెక్షన్ దక్షిణాసియాలో రాబందుల జాతిని దాదాపుగా తుడిచిపెట్టింది. ఆ మందు పేరు డైక్లోఫెనాక్. దాన్ని వాడిన రైతుకు గానీ, సూచించిన పశువైద్యునికి గానీ, తయారుచేసిన సంస్థకు గానీ పక్షులకు హాని చేయాలన్న ఉద్దేశం లేదు. మూగజీవి బాధ తగ్గాలన్నదే అందరి కోరిక. అయినా పదిహేనేళ్ల వ్యవధిలో భారతదేశంలోని తెల్లవీపు రాబందులలో ప్రతి వెయ్యికి ఒక్కటి మాత్రమే మిగిలింది.

జంతు సంక్షేమం, పర్యావరణ పరిరక్షణ సాధారణంగా ఒకే బాటలో నడుస్తాయని మనం భావిస్తాం. ఒక జీవికి చేసిన మేలు మరొక జీవికి మృత్యువుగా మారిన ఈ ఉదంతం ఆ భావనను మరోసారి పరిశీలించుకునేలా చేసింది. ఆ రెండింటినీ తిరిగి కలపడం సాధ్యమేనని కూడా ఇదే ఉదంతం నిరూపించింది. అసలు ఏం జరిగింది, కారణం ఎలా తెలిసింది, దాని భారం మనుషులపై ఎలా పడింది, నేటికీ మిగిలి ఉన్న ముప్పు ఏమిటి అన్న అంశాలను ఈ కథనంలో పరిశీలిద్దాం.

రాబందు చేసే పని

భారతదేశంలో 9 రకాల రాబందులు కనిపిస్తాయి. వీటిలో తెల్లవీపు రాబందు, పొడవుముక్కు రాబందు, సన్నముక్కు రాబందు అనే మూడు జాతులు ఒకప్పుడు ఉపఖండంలో విస్తారంగా ఉండేవి. ముఖ్యంగా తెల్లవీపు రాబందును ప్రపంచంలోని పెద్ద వేటపక్షులన్నింటిలో అత్యధిక సంఖ్యలో ఉన్నదిగా పక్షి శాస్త్రజ్ఞులు పరిగణించేవారు. ఊరి చెరువు గట్టు మీది మర్రిచెట్టుపైన, పట్టణ శివార్లలో పశువుల కళేబరాలు పడవేసే బయళ్లలో ఇవి గుంపులుగా వాలి ఉండడం 1980ల వరకు సర్వసాధారణమైన దృశ్యం.

రాబందు ప్రాణమున్న జీవిని వేటాడదు. చనిపోయిన జంతువుల మాంసమే దాని ఆహారం. ఒక గుంపు వాలిందంటే పెద్ద పశువు కళేబరం గంటలోపే ఎముకల గూడుగా మారిపోతుంది. దాని జీర్ణాశయంలోని ఆమ్లం ఎంతో తీవ్రమైనది. కుళ్లిన మాంసంలో పెరిగే అనేక రోగకారక క్రిములు ఆ ఆమ్లంలో నశిస్తాయి. అందువల్ల కళేబరం నుంచి రోగాలు నీటికి, నేలకు, ఇతర జంతువులకు వ్యాపించే అవకాశం బాగా తగ్గుతుంది.

ఈ సేవ విలువ తెలియాలంటే మన పశుసంపద పరిమాణాన్ని గుర్తుంచుకోవాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19.3 కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, దాదాపు 11 కోట్ల గేదెలు ఉన్నాయి. వృద్ధాప్యంతోనో, వ్యాధితోనో చనిపోయే పశువుల సంఖ్య ఏటా లక్షల్లో ఉంటుంది. ఇంత భారీ పారిశుద్ధ్య కార్యాన్ని ఏ జీతభత్యాలూ లేకుండా, ఏ యంత్రాల అవసరమూ లేకుండా శతాబ్దాల పాటు నిర్వహించింది రాబందులే.

కనుమరుగైన క్రమం

రాబందుల సంఖ్య పడిపోతున్న విషయాన్ని మొదట శాస్త్రీయంగా నమోదు చేసిన చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1980ల మధ్యకాలంలో అక్కడ రాబందుల గూళ్లను లెక్కించారు. 1990ల రెండో భాగంలో తిరిగి పరిశీలించినప్పుడు చెట్ల మీద ఖాళీ గూళ్లు, చెట్ల కింద చనిపోయిన పక్షులు కనిపించాయి. బతికి ఉన్న కొన్ని పక్షులు మెడ వాల్చి, నీరసంగా కొమ్మల మీద కూర్చుని ఉండేవి. అక్కడి రాబందుల సంఖ్య 95 శాతానికి పైగా తగ్గిపోయిందని 1999లో ఆయన ప్రకటించారు.

అనంతరం దేశవ్యాప్తంగా జరిపిన సర్వేలలో పరిస్థితి ఒక్క భరత్‌పూర్‌కు పరిమితం కాలేదని తేలింది. 1992, 2007 సంవత్సరాల మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం క్షీణించింది. పొడవుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి దాదాపు 97 శాతం తగ్గిపోయాయి. నేపాల్, పాకిస్తాన్‌లలోనూ ఇదే తీరు. ఈ మూడు జాతులనూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య, తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది.

కారణం ఎలా తెలిసింది?

మొదట్లో ఇది ఏదో వైరస్ వల్ల వచ్చిన అంటువ్యాధి కావచ్చని చాలామంది భావించారు. పురుగుమందుల అవశేషాలు, భారలోహాలు, ఆహార కొరత వంటి కారణాలనూ పరిశీలించారు. ఏదీ ఆధారాలకు సరిపోలేదు.

పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో అమెరికా పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ నాయకత్వంలోని బృందం చనిపోయిన రాబందులకు శవపరీక్షలు జరిపింది. పరీక్షించిన పెద్ద పక్షులలో 85 శాతం వరకు ఒకే లక్షణం కనిపించింది. కాలేయం, గుండె, మూత్రపిండాల పైన తెల్లని సుద్ద పూసినట్టు యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు పేరుకుని ఉన్నాయి. మూత్రపిండాలు పనిచేయడం ఆగిపోయినప్పుడు పక్షుల్లో ఏర్పడే స్థితి ఇది.

మూత్రపిండాలను దెబ్బతీసేది ఏమిటన్న ప్రశ్నకు సమాధానాన్ని పరిశోధకులు ప్రయోగశాల బయట వెతికారు. రాబందులు తినేది పశువుల మాంసమే కనుక ఆ పశువుల శరీరంలోకి కొత్తగా ఏం చేరుతోందని స్థానిక పశువైద్యులను, మందుల దుకాణదారులను అడిగారు. విరివిగా అమ్ముడవుతున్న మందులలో మూత్రపిండాలకు హాని చేయగల గుణం ఉన్నది డైక్లోఫెనాక్ ఒక్కటే అని తేలింది. అవయవాలపై స్ఫటికాలు పేరుకుని చనిపోయిన పక్షుల మూత్రపిండాలలో ఆ మందు అవశేషాలు ఉన్నాయి. ఇతర కారణాలతో చనిపోయిన పక్షులలో అవి లేవు. ఈ మందు ఇచ్చిన పశువుల మాంసం తిన్న రాబందులు అదే విధంగా మరణిస్తాయని పరీక్షలోనూ రుజువైంది. 2004లో ‘నేచర్’ పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

డైక్లోఫెనాక్ మనుషులకు కొత్త మందు కాదు. కీళ్ల నొప్పులకు, కండరాల నొప్పులకు 1970ల నుంచి వాడుకలో ఉన్నదే. 1990ల తొలినాళ్లలో భారతదేశంలో అనేక సంస్థలు దీన్ని చౌకగా తయారుచేయడం మొదలుపెట్టాయి. ధర పడిపోవడంతో పశువైద్యంలోనూ దీని వాడకం ఒక్కసారిగా పెరిగింది. జ్వరానికి, కుంటుకు, పొదుగు వాపుకు ఇదే మందు. పశువు త్వరగా కోలుకునేది, రైతుకు ఖర్చు తక్కువయ్యేది. ఈ ప్రయోజనం వాస్తవమైనదే కనుకనే మందు అంత వేగంగా ఊరూరా చేరింది.

కొద్దిపాటి విషం ఇంత నష్టం ఎలా చేసింది?

దేశంలోని పశువులన్నింటికీ ఈ మందు వేయలేదు కదా, మరి ఒక జాతి మొత్తం ఎలా నశించిందన్న సందేహం సహజం. దీనికి సమాధానం రాబందుల జీవన విధానంలో ఉంది.

మందు తీసుకున్న పశువు కోలుకుంటే కొద్దిరోజులలో దాని శరీరం నుంచి ఆ మందు తొలగిపోతుంది. చికిత్స పొందిన రెండు మూడు రోజులకే పశువు చనిపోతే మాత్రం మాంసంలో, ముఖ్యంగా కాలేయం, మూత్రపిండాలలో మందు మిగిలి ఉంటుంది. మందులు ఎక్కువగా వేసేది జబ్బుపడిన పశువులకే. చనిపోయే అవకాశం ఎక్కువగా ఉన్నదీ వాటికే. అలాంటి ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో, కొన్నిసార్లు అంతకు మించి రాబందులు వాలుతాయి. ఒక్క పూట భోజనంతో ఆ గుంపు అంతా ప్రమాదంలో పడుతుంది.

మరో కారణం వాటి సంతానోత్పత్తి. రాబందు గుడ్డు పెట్టే వయసుకు రావడానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. ఒక జంట ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. దీర్ఘకాలం జీవించే పక్షి కనుక ప్రకృతిలో ఇది సరిపోతుంది. పెద్ద పక్షుల మరణాలు పెరిగితే మాత్రం ఆ లోటును పూడ్చుకునే శక్తి ఆ జాతికి ఉండదు. అందుబాటులో ఉన్న కళేబరాలలో ఒక శాతం కన్నా తక్కువ వాటిలో ప్రాణాంతక స్థాయిలో డైక్లోఫెనాక్ ఉన్నా జాతి క్షీణత అంత వేగంగా జరుగుతుందని శాస్త్రవేత్తలు 2004లోనే లెక్కగట్టారు. ఆ కాలంలో భారతదేశంలో సేకరించిన పశువుల కాలేయ నమూనాలలో దాదాపు పదింట ఒకదానిలో ఈ మందు అవశేషాలు బయటపడ్డాయి.

మనుషులపై పడిన భారం

రాబందులు పోయిన తర్వాత కళేబరాలు పోలేదు. అవి బయళ్లలోనే కుళ్లిపోయాయి. వర్షాలకు ఆ వ్యర్థాలు చెరువుల్లోకి, వాగుల్లోకి చేరాయి. మిగిలిన మాంసం వీధి కుక్కలకు ఆహారమైంది. కుక్కలు రాబందులంత శుభ్రంగా కళేబరాన్ని తినలేవు. పైగా అవి జనావాసాల మధ్య తిరుగుతాయి, రేబిస్ వ్యాధిని మోసుకువస్తాయి. 1992, 2006 సంవత్సరాల మధ్య కుక్కల సంఖ్య పెరుగుదల కారణంగా దేశంలో అదనంగా సుమారు 48 వేల మంది రేబిస్‌తో మరణించి ఉండవచ్చని 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇందులో కుక్కల తప్పు ఏమీ లేదు. తిండి దొరికిన చోట సంతతి పెరిగింది. ఆ తర్వాత ఆకలి, వ్యాధులు, మనుషుల ఆగ్రహం వాటి వంతయ్యాయి. జంతు సంక్షేమం దృష్టితో చూస్తే రాబందుల తర్వాత ఈ పరిణామానికి బలైనవి కుక్కలే.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాల్ ఫ్రాంక్, వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు ఈ నష్టాన్ని మరింత విస్తృతంగా అంచనా వేశారు. రాబందులకు అనువైన ఆవాసాలు ఉన్న జిల్లాలను, లేని జిల్లాలను వారు పోల్చి చూశారు. డైక్లోఫెనాక్ వాడకం పెరగకముందు ఈ రెండు రకాల జిల్లాల మరణాల రేటులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ తర్వాత రాబందులు కోల్పోయిన జిల్లాలలో మనుషుల మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. 2000 నుంచి 2005 వరకు దాదాపు 5 లక్షల అదనపు మరణాలు సంభవించాయని, దీని ఆర్థిక భారం ఏడాదికి సుమారు 6,900 కోట్ల డాలర్లని 2024లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో ప్రచురితమైన వారి అధ్యయనం పేర్కొంది. ఇవి గణాంక పద్ధతుల ఆధారంగా వేసిన అంచనాలు. ఒక్కొక్క మరణాన్నీ విడిగా లెక్కించినవి కావు. అయితే చౌకగా లభించిన ఒక మందు ధరలో ఎంత ఖర్చు కలపకుండా వదిలేశామో ఈ సంఖ్య తెలియజేస్తుంది.

జీవనోపాధులు, ఆచారాలు కూడా దెబ్బతిన్నాయి. కళేబరాల చర్మం వలిచిన తర్వాత మాంసాన్ని రాబందులు తినివేస్తే, మిగిలిన శుభ్రమైన ఎముకలను సేకరించి ఎరువుల పరిశ్రమలకు అమ్ముకునే పేద కుటుంబాలు ఉండేవి. రాబందులు లేకపోవడంతో ఆ ఎముకలు శుభ్రపడడం ఆగిపోయింది. మరణించిన వారి దేహాన్ని పక్షులకు అర్పించే పార్సీల సంప్రదాయానికీ ఆటంకం ఏర్పడింది. ముంబయిలోని నిశ్శబ్ద గోపురాల వద్ద సూర్యకిరణాలను కేంద్రీకరించే పరికరాలను అమర్చుకోవలసి వచ్చింది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోనూ పార్సీ కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. పార్సీగుట్ట అనే ప్రాంతానికి ఆ పేరు ఈ సంప్రదాయం వల్లనే వచ్చింది.

పశువుకు నొప్పి మందు మానేయాలా?

ఈ చర్చలో అత్యంత కీలకమైన ప్రశ్న ఇదే. రాబందును కాపాడటం కోసం పశువును నొప్పితో వదిలేయడం సమంజసం కాదు. పొదుగు వాపుతో బాధపడే గేదెకు, కాలు విరిగిన ఎద్దుకు నొప్పి తగ్గించడం దాన్ని పోషించే వారి బాధ్యత. జ్వరం తగ్గకపోతే పశువు మేత తినదు, పాలు ఇవ్వదు. దానిమీదే ఆధారపడిన కుటుంబం నష్టపోతుంది. అందువల్ల డైక్లోఫెనాక్ నిషేధం ఫలించాలంటే అంతే బాగా పనిచేసే ప్రత్యామ్నాయం అవసరమైంది.

ఆ ప్రత్యామ్నాయం మెలాక్సికామ్. దక్షిణాఫ్రికాలోనూ, భారతదేశంలోనూ రాబందులపై జరిపిన పరీక్షల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ప్రకృతిలో అవి ఎదుర్కొనగల గరిష్ఠ మోతాదులోనూ ఈ మందు వాటికి హాని చేయలేదు. పశువుల్లో నొప్పి, వాపు, జ్వరాలను ఇది సమర్థంగా తగ్గిస్తుంది. ప్రారంభంలో దీని ధర ఎక్కువగా ఉన్నా, అనేక సంస్థలు తయారీ చేపట్టడంతో క్రమంగా తగ్గింది. ఆ తర్వాత టాల్ఫెనామిక్ ఆమ్లం అనే మరో మందు కూడా రాబందులకు సురక్షితమని పరీక్షలలో తేలింది.

అంటే ఇక్కడ ఆవు, రాబందులలో ఏదో ఒకదాన్ని మాత్రమే ఎంచుకోవలసిన అవసరం లేదు. సరైన మందును ఎంచుకుంటే రెండూ క్షేమంగా ఉంటాయి.

చట్టం నడిచిన దారి

పశువుల డైక్లోఫెనాక్ తయారీ అనుమతులను ఉపసంహరించాలని భారత ఔషధ నియంత్రణ జనరల్ 2006 మే నెలలో రాష్ట్రాలను ఆదేశించారు. అదే సంవత్సరంలో నేపాల్, పాకిస్తాన్ ఈ మందును నిషేధించాయి. పశువుల కోసం ఈ మందు తయారీని, అమ్మకాన్ని, పంపిణీని నిషేధిస్తూ భారత ప్రభుత్వం 2008లో గెజిట్ ప్రకటన జారీ చేసింది. బంగ్లాదేశ్ 2010లో నిషేధం విధించింది.

అంతటితో సమస్య తీరలేదు. మనుషుల కోసం తయారైన డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌ను పెద్ద సీసాలలో కొని పశువులకు వేయడం కొనసాగింది. 30 మిల్లీలీటర్ల సీసా మనిషికి ఒక్కసారికి అవసరమయ్యే మోతాదు కన్నా చాలా ఎక్కువ. పశువుకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఈ దారిని మూసివేయడానికి మనుషులకు వాడే ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒకే మోతాదు సీసాలో మాత్రమే విక్రయించాలని కేంద్ర ప్రభుత్వం 2015లో ఆదేశించింది. పెద్ద పశువుకు అలాంటివి అనేకం కావాలి కనుక ఖర్చు, శ్రమ రెండూ పెరుగుతాయి. ఈ నిర్ణయాన్ని సవాలు చేసిన కేసులో 2017లో మద్రాసు హైకోర్టు ప్రభుత్వ ఆదేశాన్ని సమర్థించింది.

మరో సమస్య ఇతర నొప్పి మందుల రూపంలో ఎదురైంది. అసెక్లోఫెనాక్ పశువు శరీరంలోకి వెళ్లిన తర్వాత డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రొఫెన్, నిమెసులైడ్ కూడా రాబందులకు ప్రాణాంతకమని పరిశోధనలు చాటాయి. కీటోప్రొఫెన్‌ను బంగ్లాదేశ్ 2021లో దేశమంతటా నిషేధించింది. కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ పశువైద్య వాడకాన్ని భారతదేశం 2023 జులైలో నిషేధించింది. 2024 చివరలో నిమెసులైడ్ కూడా ఆ జాబితాలో చేరింది. ఫ్లూనిక్సిన్ వంటి మరికొన్ని మందులపైనా శాస్త్రవేత్తలు ఆందోళన వ్యక్తం చేస్తున్నారు.

ఈ క్రమాన్ని గమనిస్తే ఒక లోపం స్పష్టమవుతుంది. మందు మార్కెట్‌లోకి వచ్చిన తర్వాత, పక్షులు చనిపోయిన తర్వాత, పరిశోధన జరిగిన తర్వాత నిషేధం వస్తోంది. పశువులకు వాడే ఏ కొత్త నొప్పి మందునైనా అనుమతి ఇవ్వడానికి ముందే రాబందులపై దాని ప్రభావాన్ని పరీక్షించాలని పరిరక్షణ సంస్థలు కోరుతున్నది ఇందుకే.

నేపాల్ చూపిన మార్గం

నేపాల్ తరాయి ప్రాంతంలోని నవల్‌పరాసీలో పిఠౌలీ అనే గ్రామం ఉంది. అక్కడి ప్రజలు, బర్డ్ కన్జర్వేషన్ నేపాల్ సంస్థతో కలిసి 2006లో ‘జటాయు రెస్టారెంట్’ను ప్రారంభించారు. వయసు మళ్లిన, పనికి పనికిరాని ఆవులను రైతుల నుంచి తీసుకుని, వాటిని ఒక ఆశ్రయంలో ఉంచి, సహజంగా మరణించే వరకు పోషిస్తారు. వాటికి రాబందులకు హాని చేసే మందులు వాడరు. చనిపోయిన తర్వాత కళేబరాన్ని బయలులో ఉంచుతారు. రాబందులు వచ్చి తింటాయి.

ఈ ఏర్పాటులో ముసలి ఆవుకు ప్రశాంతమైన చివరి రోజులు దక్కాయి. దాన్ని పోషించలేని రైతుకు భారం తగ్గింది. రాబందులకు సురక్షితమైన ఆహారం దొరికింది. పక్షులను చూడటానికి వచ్చే సందర్శకుల ద్వారా గ్రామానికి కొంత ఆదాయమూ లభించింది. దీంతోపాటు చుట్టుపక్కల జిల్లాలలోని మందుల దుకాణాల నుంచి డైక్లోఫెనాక్‌ను సేకరించి, దాని స్థానంలో మెలాక్సికామ్‌ను అందుబాటులోకి తెచ్చారు. ఈ చర్యల అనంతరం నేపాల్‌లో తెల్లవీపు రాబందుల సంఖ్య పడిపోవడం ఆగి, తిరిగి కొంత పెరుగుదల కనిపించింది.

రాబందు ఆహారం కోసం ఒక్క రోజులో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించగలదు. ఒక ఊరు జాగ్రత్త పడి, పక్క జిల్లా పట్టించుకోకపోతే ప్రయోజనం ఉండదు. అందుకే గూళ్లున్న చోటు నుంచి 100 కిలోమీటర్ల పరిధిని రాబందుల సురక్షిత ప్రాంతంగా పరిగణించి, ఆ పరిధిలో హానికర మందులు పూర్తిగా లేకుండా చూసే విధానాన్ని దక్షిణాసియా దేశాలు అనుసరిస్తున్నాయి.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి

తెలుగు నేలకు రాబందుతో ఉన్న అనుబంధం పురాణకాలం నాటిది. సీతాదేవిని కాపాడబోయి రావణుని చేతిలో రెక్కలు తెగిన జటాయువు నేలకొరిగిన చోటు లేపాక్షి అని స్థానికుల విశ్వాసం. ‘లే పక్షీ’ అన్న రాముని పిలుపు నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు.

వర్తమానంలో రాబందుల ఉనికి చాలా పరిమితం. తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్ట నిటారు కొండ చరియలపై పొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని ఉన్నట్టు 2013లో గుర్తించారు. అటవీ శాఖ స్థానికుల సాయంతో వాటిని పరిశీలించే ఏర్పాట్లు చేసింది. ప్రాణహిత అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ అటవీ శాఖ రాబందుల కోసం ప్రత్యేక ఆహార కేంద్రాలను నిర్వహించింది. నదికి ఇరువైపులా తిరిగే పక్షులు కనుక వాటి భద్రత రెండు రాష్ట్రాల పశువైద్య విధానాల మీద ఆధారపడి ఉంటుంది. దక్షిణాన తమిళనాడులోని మోయార్ లోయ తెల్లవీపు రాబందులకు, కర్ణాటకలోని రామదేవరబెట్ట పొడవుముక్కు రాబందులకు మిగిలిన ముఖ్య ఆశ్రయాలు.

బందీ స్థితిలో సంతానోత్పత్తి ద్వారా ఈ జాతులను నిలబెట్టే ప్రయత్నమూ జరుగుతోంది. హర్యానాలోని పింజోర్‌లో మొదలైన ఈ కార్యక్రమం పశ్చిమ బెంగాల్‌లోని రాజాభాత్‌ఖావా, అస్సాంలోని రాణి, మధ్యప్రదేశ్‌లోని భోపాల్‌కు విస్తరించింది. హైదరాబాద్‌లోని నెహ్రూ జంతు ప్రదర్శనశాల కూడా ఈ కేంద్రాలలో ఒకటి. పింజోర్‌లో పెంచిన 8 తెల్లవీపు రాబందులను 2020 అక్టోబరులో స్వేచ్ఛగా వదిలారు. ఆ తర్వాత ఇతర ప్రాంతాలలోనూ విడుదలలు జరిగాయి. అయితే విడుదలైన పక్షి ఎంతకాలం బతుకుతుందన్నది అది వాలే మొదటి కళేబరంలో ఏ మందు ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

రోజువారీ జీవితంలో, వ్యాపారంలో చేయగలిగినవి

పాడి రైతులు: పశువుకు నొప్పి మందు అవసరమైనప్పుడు మెలాక్సికామ్ ఇవ్వవచ్చా అని పశువైద్యుని అడగాలి. మనుషుల కోసం కొన్న ఇంజెక్షన్‌ను పశువుకు వేయకూడదు. సొంత వైద్యం కన్నా ప్రభుత్వ పశువైద్యశాలను సంప్రదించడం మేలు. తెలుగు రాష్ట్రాలలో సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చికిత్స పొందుతూ చనిపోయిన పశువు: వాడిన మందు ఏదో తెలియకపోతే కళేబరాన్ని బయలులో పడవేయకుండా లోతైన గోతిలో పూడ్చాలి. ఆంత్రాక్స్, అంటే దొమ్మ వ్యాధి అనుమానం ఉంటే చర్మం వలవకూడదు, కళేబరాన్ని కోయకూడదు. వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి.

గోపాలమిత్రలు, పశువైద్య సిబ్బంది: మారుమూల గ్రామాలలో రైతుకు మొదట అందుబాటులో ఉండేది వీరే. ఏ సీసా సంచిలో ఉంటే అదే పశువు శరీరంలోకి వెళుతుంది. నిషేధిత మందుల తాజా జాబితా వీరి వద్ద ఉండటం ఎంతో ముఖ్యం.

మందుల దుకాణదారులు: ఒకే వ్యక్తి ఎక్కువ సంఖ్యలో 3 మిల్లీలీటర్ల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు అడిగినప్పుడు అవి ఎవరి కోసమో విచారించాలి. పశువు కోసమైతే ఇవ్వకుండా, పశువైద్యుని వద్దకు పంపాలి.

పాల సహకార సంఘాలు, డెయిరీలు, గోశాలలు: ఈ సంస్థలు తమ పరిధిలోని పశువులకు మందులను పెద్దమొత్తంలో కొనుగోలు చేస్తాయి. కొనుగోలు జాబితా నుంచి హానికర మందులను తొలగించే ఒక్క నిర్ణయం వేలాది పశువులకు, వాటి ద్వారా విశాలమైన ప్రాంతానికి వర్తిస్తుంది. ముసలి పశువులను పోషించే గోశాలలు, అటవీ శాఖతో కలిసి సురక్షితమైన కళేబరాలను రాబందులకు అందించే అవకాశాన్ని కూడా పరిశీలించవచ్చు.

అటవీ ప్రాంతాల ప్రజలు: చిరుతలను, అడవి కుక్కలను చంపడానికి కళేబరాల మీద విషం చల్లడం చట్టరీత్యా నేరం. ఆ విషానికి మొదట బలయ్యేది తరచుగా రాబందులే. గూళ్లున్న పెద్ద చెట్లను నరకకుండా కాపాడటం, అస్వస్థతతో నేల మీద కనిపించిన పక్షి గురించి అటవీ సిబ్బందికి చెప్పడం గ్రామస్థులు చేయగల సాయం.

మిగిలిన ప్రశ్న

రాబందుల పతనానికి దురాశ గానీ, క్రూరత్వం గానీ మూలం కాదు. మందు ఒక పశువు మీద ఎలా పనిచేస్తుందని అడిగారు. ఆ పశువు చనిపోతే ఆ మందు ఎక్కడికి చేరుతుందని ఎవరూ అడగలేదు. పొలంలో చల్లే పురుగుమందు, కోళ్లకు కలిపే యాంటీబయాటిక్, కాలువలోకి వదిలే రసాయనం వంటి వాటన్నింటికీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

ఏటా సెప్టెంబరు మొదటి శనివారాన్ని అంతర్జాతీయ రాబందుల అవగాహన దినంగా పాటిస్తున్నారు. చట్టాలు వచ్చాయి, ప్రత్యామ్నాయ మందు దొరుకుతోంది, పక్షులను పెంచి విడుదల చేస్తున్నారు. ఇక మిగిలింది పశువుల కొట్టంలో, మందుల దుకాణంలో తీసుకునే నిర్ణయం. రాబందు జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది కనుక ఆ నిర్ణయం సరిగా జరిగినా ఫలితం కనిపించడానికి దశాబ్దాలు పడుతుంది. పొరపాటు జరిగితే మాత్రం ఒక్క కళేబరం చాలు.